జపాన్ టూరిస్టు బిళ్ళ చేతికొస్తే: ఎక్కడిదో, ఎప్పటిదో తేల్చుకోవడం ఎలా

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత తాళాలు, వాచీ ముక్కలు, సైకిల్ బెల్లులు గుట్టగా పోసిన పట్టా మీద నాకొక బిళ్ళ కనిపించింది. మన పాత పెద్ద రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది, పసుపు రంగు. ఒకవైపు ఇనుప ఊచలు అల్లినట్టున్న టవర్ బొమ్మ, దాని కింద అరిగిపోయిన అక్షరాలు. రెండో వైపు అంచు చుట్టూ ఎవరో గుద్దిన అంకెలు: 58. 8. 12. "చైనా బిళ్ళ సార్, వంద ఇవ్వండి" అన్నాడు అమ్మేవాడు. బేరమాడి అరవైకి తెచ్చుకున్నాను.

అది చైనాది కాదు, జపాన్‌లో టూరిస్టు చోట్ల జ్ఞాపికగా అమ్మే బిళ్ళ. 58 అని ఉందని ఇంట్లో అందరూ అనుకున్నట్టు 1958 నాటిదీ కాదు. ఆ రెండూ ఎలా తేలాయో వరుసగా చెబుతాను. మీ దగ్గరున్నది కోటదైనా, గుడిదైనా, అక్వేరియందైనా పద్ధతి ఇదే. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. చోటు తేలనిదే తేదీ జోలికి పోకండి. చాలామంది అంకెలు కనపడగానే లెక్కలు మొదలుపెట్టి అక్కడే బోల్తా పడతారు.

1. ముందు తోమడం ఆపండి

ఇత్తడి కనిపిస్తే మన చెయ్యి చింతపండు మీదికో పీతాంబరి డబ్బా మీదికో పోతుంది. వద్దు. ఈ బిళ్ళల మీద బంగారు రంగు పూత చాలా పల్చగా ఉంటుంది. ఒక్కసారి తోమితే పూతతో పాటు సన్నటి అక్షరాల పదును కూడా పోతుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గంట నానబెట్టి, మెత్తని బట్టతో రుద్దకుండా అద్ది ఆరనివ్వండి. పచ్చటి చిలుము గట్టిగా పట్టి ఉంటే అలాగే వదిలేయండి. గుర్తుపట్టే పనికి అది అడ్డురాదు.

కావలసిన సామాను: భూతద్దం, బంగారం తూచే చిన్న కాటా (పాయింట్ తర్వాత రెండంకెలు చూపించేది), వెర్నియర్ లేదా మంచి స్కేలు, టార్చి, ఫోను.

2. అసలు బిళ్ళేనా, చెల్లే డబ్బా?

జపాన్ బిళ్ళ అని నాకు వాట్సాప్‌లో వచ్చే ఫొటోల్లో సగం నిజానికి అక్కడ వాడుకలో ఉన్న నాణేలే. ఎక్కువగా మోసం చేసేది 5 యెన్‌ల నాణెం. పసుపు రంగు, మధ్యలో గుండ్రటి రంధ్రం, వరి కంకి బొమ్మ. విలువను మనం చదవగలిగే అంకెల్లో కాకుండా జపనీస్ అక్షరాల్లో మాత్రమే వేస్తారు, అందుకే తాయెత్తు బిళ్ళలా కనిపిస్తుంది. అది 22 మిల్లీమీటర్లు, 3.75 గ్రాములు. రంధ్రంతో 1949 నుంచి వస్తోంది. "గో ఎన్" అంటే అయిదు యెన్‌లు, అదే పలుకుబడికి అనుబంధం అనే అర్థం కూడా ఉంది కాబట్టి గుళ్ళలో హుండీకి దాన్నే వేస్తారు. మనం పదకొండు, నూట పదహార్లు చదివించినట్టు.

10 యెన్‌ల రాగిరంగు నాణెం మీద ఉన్నది ఉజి ఊళ్ళోని బ్యోదోయిన్ ఆలయం. అదీ టూరిస్టు స్థలమే కనుక జ్ఞాపిక అనుకోవడం సహజం. 23.5 మిల్లీమీటర్లు, 4.5 గ్రాములు తూగితే అది జేబులో తిరిగే చిల్లర.

ఇంకో రకం, ప్రభుత్వమే వేసిన స్మారక నాణేలు. 1964 ఒలింపిక్స్‌కి వేసిన 1000 యెన్‌ల వెండి నాణెం మీద ఫుజి పర్వతం ఉంటుంది (35 మిల్లీమీటర్లు, 20 గ్రాములు). 1970 ఒసాకా ఎక్స్‌పోకి, 1972 సప్పోరో ఒలింపిక్స్‌కి, 1975 ఒకినావా ఎక్స్‌పోకి 100 యెన్‌లవి వచ్చాయి. వీటిని తేల్చే గుర్తు సులువే. నాణెం మీద దేశం పేరు ఉంటుంది. మూడు అక్షరాలు: మధ్యలో అడ్డగీత ఉన్న నిలువు పెట్టె, కాండం అడుగున చిన్న గీత గీసిన చెట్టు, లోపల ఏదో ఇరికించిన పెద్ద పెట్టె. దానితో పాటు విలువ కూడా ఉంటే అది డబ్బు. టూరిస్టు బిళ్ళ మీద విలువ ఉండదు.

సరిగ్గా 25 మిల్లీమీటర్లు ఉండి, ఊరి పేరు, చూడదగ్గ చోటు ఏదీ లేకుండా ఒట్టి డిజైనో హాలు పేరో ఉంటే అది పాచిస్లాట్ అనే జూదపు మెషిన్ బిళ్ళ కావచ్చు. కోడిగుడ్డులా సాగదీసి, పల్చగా, కార్టూన్ బొమ్మతో ఉంటే టోక్యో డిస్నీలాండ్ లాంటి చోట మెషిన్లో నొక్కించుకున్నది. అమెరికాలో ఇలాంటివి నిజమైన సెంటు నాణెం మీద నొక్కుతారు. జపాన్‌లో నాణేలు పాడుచెయ్యడం 1947 చట్టం ప్రకారం నేరం, కాబట్టి అక్కడ ఒట్టి లోహపు ముక్క వాడతారు.

3. కొలత, తూకం, లోహం

అడ్డం కొలత, మందం, బరువు రాసుకోండి. నాది 31 మిల్లీమీటర్లు, 14.1 గ్రాములు. అయస్కాంతానికి అంటుకోలేదు.

లోహం తెలుసుకోవడానికి కంసాలి దగ్గరికి పోనక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి (గాజు గ్లాసు పెడితే ఆ కాటా మొయ్యలేదు). బిళ్ళని దారంతో కట్టి, అడుగు, గోడలు తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. అప్పుడు కాటా చూపే గ్రాములే బిళ్ళ ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. నాకు 1.66 చూపింది. 14.1ని 1.66తో భాగిస్తే 8.5. ఇత్తడి సుమారు 8.4 నుంచి 8.7 దాకా ఉంటుంది, సరిపోయింది. 2.7 దగ్గర వస్తే బంగారు రంగేసిన అల్యూమినియం. 7 లోపు వస్తే జింకు పోత. 10 దాటితే మాత్రం ఒకసారి కూర్చుని ఆలోచించండి, వెండి కావచ్చు.

వెండి అయితే అంచు మీద భూతద్దంతో వెతకండి. ఒసాకాలో 1871 నుంచి నడుస్తున్న జపాన్ ప్రభుత్వ టంకశాల పరీక్షించి ముద్ర వేసిన వాటికి చిన్న జెండా గుర్తు, పక్కనే డైమండ్ ఆకారంలో 925, 1000 లాంటి అంకె ఉంటాయి. ఆ ముద్ర ఉన్న బిళ్ళను అరవై రూపాయలకి ఎవరూ ఇవ్వరు, అది వేరే సంగతి.

పై అంచు దగ్గర అతుకు మచ్చ ఉందా చూడండి. ఉంటే కీచైన్‌కో గొలుసుకో వేలాడిందన్నమాట. అలాంటి వాటికి ఒకవైపు అరుగుదల ఎక్కువ. చదవాలంటే రెండో వైపుతో మొదలుపెట్టండి.

4. ఫొటో

ఫ్లాష్ వద్దు. గదిలో లైటు ఆపి, టార్చిని బల్ల ఎత్తులోనే పక్కనుంచి పట్టి, దాన్ని నాలుగు దిక్కులకీ తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. ఒక ఫొటోలో మాయమైన గీత ఇంకో దాంట్లో నీడగా తేలుతుంది. అప్పటికీ చాలకపోతే చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం చూడండి, అదే చేయండి. నా బిళ్ళ మీద రెండో అక్షరం అలాగే బయటపడింది, ఏ ఫొటోలోనూ కాదు.

5. అక్షరాలు: జపనీస్ రాకపోయినా చదవొచ్చు

అసలు పని ఇక్కడే. భాష రాదని టెన్షన్ పడకండి, ఆకారాలు పోల్చడం వస్తే చాలు.

జపనీస్‌లో మూడు రకాల లిపి కలిపి రాస్తారు. బోలెడన్ని గీతలతో ఇల్లు కట్టినట్టుండేవి కాంజి, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు. మెలికలు తిరిగి మెత్తగా ఉండేవి హిరగానా. రెండు మూడు గీతలతో కోణాలుగా, కత్తితో చెక్కినట్టుండేవి కటకానా. ఈ చివరి రెండింటిలో ఒక్క అక్షరం కనిపించినా బిళ్ళ చైనాది కాదని తేలిపోయినట్టే. కటకానాలో దీర్ఘం పలకాలంటే పొడుగ్గా ఒక గీత పెడతారు, అడ్డంగా రాస్తే అడ్డగీత, నిలువుగా రాస్తే నిలువు గీత. ఇది బిళ్ళలు చదివేవాళ్ళకి వరం, ఎంత అరిగినా ఆ గీత మిగులుతుంది.

నా బిళ్ళ మీద టవర్ కింద ఉన్నవి అయిదు: రెండు కాంజి, రెండు కోణాల అక్షరాలు, చివర అడ్డగీత. ఆ చివరి మూడూ కలిపితే "తవా" అని దీర్ఘంతో పలుకుతారు, ఇంగ్లిష్ టవరే. అయితే రెండు కాంజి, ఆ వెంట "తవా" అనే అచ్చు టోక్యో టవర్‌కీ సరిపోతుంది, క్యోతో టవర్‌కీ సరిపోతుంది, క్యూషూ దీవిలోని బెప్పు టవర్‌కీ సరిపోతుంది. మూడు పేర్లూ అంతే పొడవు.

ఇక్కడ పెన్సిల్ ముద్ర పనికొచ్చింది. "క్యో" అనే కాంజి ఇలా ఉంటుంది: పైన చుక్క, దాని కింద మూతలా అడ్డగీత, దాని కింద చిన్న చదరం, అడుగున మూడు కాళ్ళు. టోక్యోలో ఇది రెండో అక్షరం, క్యోతోలో మొదటిది. బెప్పులో అసలు లేదు. నా బిళ్ళ మీద రెండో చోట వచ్చింది. పాఠకులు గమనించాలి, ఎడమ నుంచి కుడికి చదివితేనే ఇది రెండోది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు బోర్డుల మీద, పతకాల మీద అడ్డంగా రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు రాయడం మామూలు. కాబట్టి ముందు దీర్ఘపు గీత ఏ చివర ఉందో చూడాలి. అది కుడి చివర ఉంటే ఎడమ నుంచి చదవాలి, పైగా యుద్ధం తర్వాతి రాత అని ఒక ఆధారం. ఎడమ చివర ఉంటే గుండె కాస్త వేగంగా కొట్టుకోవచ్చు, పాతది దొరికిందేమో.

కాంజి ఆకారాల్లోనూ పాత, కొత్త ఉన్నాయి. 1946లో ప్రభుత్వం 1850 అక్షరాల వాడుక జాబితా ఇచ్చింది, 1949లో చాలావాటికి సులువైన రూపాలు ఖాయం చేసింది. కిక్కిరిసిన పాత రూపం కనిపిస్తే అంతకుముందుది అనిపిస్తుంది. కానీ గుళ్ళు, మఠాలు ఇప్పటికీ గౌరవం కోసం పాత రూపాలే వాడతాయి. అందుకే గుడి బిళ్ళ మీద ఈ ఆధారాన్ని నేను పెద్దగా లెక్కచెయ్యను. టవర్, ఎక్స్‌పో బిళ్ళల మీదైతే చేస్తాను.

ఫోను కెమెరా అనువాదం వాడండి, తప్పులేదు. కానీ గుండ్రంగా తిరిగిన అక్షరాలను అది సరిగ్గా చదవదు. ఫొటోని తిప్పి, నాలుగైదు అక్షరాల ముక్కలుగా కోసి ఇస్తే మెరుగు. అప్పుడు తరచూ ఎదురయ్యే మాటలు ఇవి. "కినెన్" అంటే జ్ఞాపకార్థం, దాదాపు ప్రతి బిళ్ళ మీదా ఉంటుంది, దానివల్ల చోటు తెలియదు. దాని ముందు మాట ముఖ్యం: "తోజాన్" కొండ ఎక్కినందుకు, "సాన్‌పాయ్" దర్శనం చేసుకున్నందుకు, "కాన్‌కో" ఊరు చూసినందుకు. పేరు చివర "జో" వస్తే కోట, "జి" అయితే బౌద్ధాలయం, "జింజా" లేదా "జింగు" అయితే షింతో (జపాన్ వాళ్ళ సొంత మతం) గుడి, "తాకి" జలపాతం, "ఒన్‌సెన్" వేడినీటి బుగ్గల ఊరు, "సుయిజోకుకాన్" అక్వేరియం, "హకురాన్‌కాయ్" ఎక్స్‌పో.

6. బొమ్మ: అన్నదమ్ములతో జాగ్రత్త

ఊచల టవర్ అనగానే టోక్యో అనేయకండి. నైతో తాచు అనే ఇంజినీరు జపాన్‌లో ఇలాంటివి ఆరు రూపొందించాడు, అక్కడివాళ్ళు వాటిని ఆరుగురు అన్నదమ్ములంటారు: నాగోయా టీవీ టవర్ (1954), ఒసాకాలో త్సుతెన్‌కాకు (1956), బెప్పు టవర్ (1957), సప్పోరో టీవీ టవర్ (1957), టోక్యో టవర్ (1958), హకాతా పోర్ట్ టవర్ (1964). సప్పోరో దానికి నడుమ దగ్గర పెద్ద గడియారం ఉంటుంది. త్సుతెన్‌కాకు పేరు మూడు కాంజి మాత్రమే, దీర్ఘపు గీత ఉండదు. నాగోయా, సప్పోరో పేర్లు "తో" అనే కాంజితో ముగుస్తాయి. క్యోతో టవర్ ఈ ఇంటిది కాదు, 1964 చివర్లో తెరిచిన ఆ తెల్లటి స్తంభానికి ఊచలే లేవు, కొవ్వొత్తిలా నున్నగా ఉంటుంది.

టోక్యో టవర్‌లో చూసే అంతస్తులు రెండు, 150 మీటర్ల దగ్గర పెద్దది, 250 దగ్గర చిన్నది. మొత్తం ఎత్తు 333 మీటర్లు. మీ బిళ్ళ మీద ఎక్కడైనా 333 కనిపిస్తే ఇంత శ్రమ అక్కర్లేదు.

కోటలైతే పైకప్పు కొసల్లో తోక పైకెత్తిన బంగారు చేపలు నాగోయా కోటకి పేరు తెచ్చాయి, అయితే అలాంటి చేపలు వేరే కోటల మీదా ఉంటాయి. మూడు ఆకులు గుండ్రంగా చేరిన ముద్ర ఒకప్పుడు జపాన్‌ను ఏలిన తొకుగావా వంశానిది, నిక్కో ఊళ్ళోని తోషోగు గుడి కావచ్చు. దాంతో పాటు చెవులు, నోరు, కళ్ళు మూసుకున్న మూడు కోతులుంటే ఇక సందేహం లేదు. అయిదు రేకుల పూవు, మధ్యలో వృత్తం ఉంటే 1970 ఒసాకా ఎక్స్‌పో. దానికి ఆరు కోట్ల నలభై లక్షల మంది వెళ్ళారు కాబట్టి ఆ బిళ్ళలు ఇప్పటికీ తెగ దొరుకుతాయి. అరుదైనదని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

7. ఇప్పుడు తేదీ

జపాన్‌లో చాలా టూరిస్టు చోట్ల మెషిన్లో డబ్బులేస్తే బిళ్ళ వస్తుంది. పక్కనే ఇంకో మెషిన్ ఉంటుంది. డయల్ తిప్పి ఒక్కో అక్షరం ఎంచుకుని నొక్కితే పేరు, తేదీ బిళ్ళ అంచు మీద పడతాయి. అందుకే బొమ్మ ఉబ్బెత్తుగా, ఇవి లోపలికి గుంటగా ఉంటాయి. ఇది బిళ్ళ తయారైన తేదీ కాదు, ఎవరో కొండెక్కిన రోజు, టవరెక్కిన రోజు. నా బిళ్ళ మీద తేదీకి ముందు రెండు ఇంగ్లిష్ అక్షరాలు కూడా ఉన్నాయి, ఎవరివో ఇనీషియల్స్.

వరుస మనకు తిరగబడి ఉంటుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. 58. 8. 12 అంటే ఆగస్టు 12. సంవత్సరం మాత్రం రెండు రకాలు. అది మామూలు 1958 కావచ్చు, లేదా ఒక్కో చక్రవర్తి పాలన మొదలైనప్పటి నుంచి లెక్కపెట్టే శకం కావచ్చు. షోవా శకం 1926 డిసెంబర్ 25న మొదలై 1989 జనవరి 7 దాకా నడిచింది, ఆ అంకెకి 1925 కలపాలి. హెయ్‌సెయ్ 1989 జనవరి 8 నుంచి 2019 ఏప్రిల్ 30 దాకా, 1988 కలపాలి. ఆ తర్వాత రెయ్‌వా, 2018 కలపాలి. అంతకుముందు తైషోకి 1911.

షోవా 64తో ఆగిపోయింది. కాబట్టి 65 నుంచి 99 దాకా ఏ అంకె ఉన్నా అది మామూలు సంవత్సరమే, నిశ్చింతగా 19 తగిలించండి. 32 నుంచి 64 దాకా ఉంటే షోవానా, మామూలుదా అని అడగాలి. 31 లోపు ఉంటే హెయ్‌సెయ్, రెయ్‌వా కూడా వరుసలోకొస్తాయి. 5. 3. 21 అని ఉంటే మనం 2021 మార్చి 5 అని చదివేస్తాం. అది హెయ్‌సెయ్ 5, అంటే 1993 మార్చి 21 కావచ్చు.

నా 58 సరిగ్గా ఆ సందేహపు వరుసలోనే ఉంది. 1958 ఆగస్టా, లేక షోవా 58, అంటే 1983 ఆగస్టా? టోక్యో టవర్ తెరిచింది 1958 డిసెంబర్ 23న. ఆగస్టు 12కి అక్కడ ఇంకా ఇనుము బిగిస్తున్నారు, టూరిస్టులెవరూ లేరు. కనుక 1983. ఇదే బిళ్ళ బెప్పుదని పొరబడి ఉంటే, ఆ టవర్ 1957లోనే తెరుచుకుంది కాబట్టి 1958 కూడా సరిపోయినట్టే కనిపించేది. నేను హాయిగా పాతికేళ్ళు తప్పు రాసుకునేవాణ్ణి. చోటు ముందు, తేదీ తర్వాత అని మొదట్లోనే మొత్తుకున్నది ఇందుకే.

అంచు మీద తేదీ లేకపోతే కట్టడం చరిత్రని వాడుకోండి. నాగోయా కోట 1945 బాంబుదాడిలో కాలిపోయింది, 1959లో కాంక్రీటుతో మళ్ళీ కట్టారు. క్యోతోలోని బంగారు మందిరం కింకాకుజి 1950లో తగలబడి 1955లో తిరిగి లేచింది. ఒసాకా కోట బురుజు 1931ది, అక్కడి బిళ్ళ యుద్ధానికి ముందుదీ కావచ్చు. పేర్లు కూడా సాయపడతాయి. టోక్యో టవర్ అంతస్తులను మెయిన్ డెక్, టాప్ డెక్ అని పిలవడం 2018 నుంచే. నాగోయా టీవీ టవర్ పేరులో "మిరాయ్" చేరింది 2021లో.

8. జపనీస్ సైట్లలో సరిచూసుకోవడం

ఇంగ్లిష్‌లో వెతికితే పదో వంతు కూడా దొరకదు. అనువాదం యాప్‌లో చోటు పేరు, "స్మారక పతకం" అన్న మాట జపనీస్‌లోకి మార్చి, కాపీ చేసి వెతకండి. కటకానాలో "మెదారు" అంటే మెడల్. యాహూ ఆక్షన్స్ జపాన్, మెర్కారి సైట్లలో ఇలాంటివి అమ్ముతుంటారు. పోల్చేటప్పుడు ముందువైపు బొమ్మ సరిపోతే సంబరపడకండి, వెనకవైపు డిజైన్, అడ్డం కొలత కూడా కలవాలి. ఒకే చోట ఏళ్ళ తరబడి డిజైన్లు మారుస్తూ అమ్ముతారు. ధర గురించైతే, అమ్మకానికి పెట్టినవాళ్ళు అడిగేది కాదు, అమ్ముడైన ధర చూడండి. తేదీ గుద్దిన వాటిని కొందరు సేకర్తలు తక్కువగా చూస్తారు. నాకు మాత్రం ఆ గుద్దుడే ఇష్టం.

9. చీటీ రాసి దాచడం

మెత్తగా ఉండి వాసనొచ్చే పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు, రెండు మూడేళ్ళలో జిగురు కక్కి ఇత్తడిని పచ్చగా చేస్తాయి. మన వానాకాలం తేమకి డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం పడేయండి. పక్కన చీటీలో మీరు తేల్చింది మాత్రమే కాదు, దేన్ని బట్టి తేల్చారో కూడా రాయండి. నాది ఇలా ఉంది:

"టోక్యో టవర్. ఇత్తడి, 31 మి.మీ., 14.1 గ్రా. పేరు: రెండో కాంజి 'క్యో', చివర దీర్ఘపు గీత. అంచు మీద 58. 8. 12 = షోవా 58 = 1983 ఆగస్టు 12, శుక్రవారం. 1958 కాదు, అప్పటికి టవర్ తెరవలేదు. తయారీ సంస్థ: ఖాళీ. ఎర్రగడ్డ, అరవై రూపాయలు."